ముడుపులో నల్ల రూబులు

నల్లపాడు రాఘవయ్య గారికి మిగిలిన ఒక్క కంటి చూపూ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్ముకునే నాగేంద్రమ్మ. అది 2002 వేసవి. కల్లాల్లో ఎండిన మిరపకాయలు బస్తాలకెక్కి లారీల్లో గుంటూరు యార్డుకు పోతుంటే, పెదకాకాని గుడి వీధిలో కూర్చున్న మాకు కూడా రోజంతా తుమ్ములే. నాగేంద్రమ్మ రోజూ పొద్దున్నే గంప మా కొట్టు అరుగు మీద దించి, దండలు కట్టుకుంటూ నాలుగూళ్ళ కబుర్లు చెబుతుంది. ఆ రోజు గంప దించకుండానే చెప్పింది. కంటి లోపల పొర ఊడిందట, గుంటూరులో ఆపరేషన్ చేస్తారట, చూపు వస్తుందని మాత్రం మాట ఇవ్వలేనని డాక్టరు ముందే అన్నాడట.

చేస్తున్న పని పక్కన పెట్టి గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. ఆయన మంచి చెడ్డలు నా ఇంటి మంచి చెడ్డల్లాగే తోచేవి నాకు. ఎందుకో చెప్పాలంటే ముందు నా పని గురించి చెప్పాలి.

మాది మొక్కుబడి వెండి పని. ఒంట్లో ఏ భాగానికి జబ్బు చేస్తే ఆ భాగాన్ని వెండితో చేయించి స్వామికి సమర్పిస్తామని జనం మొక్కుకుంటారు. కళ్ళు, పాదాలు, చేతులు, పిల్లల కోసమైతే ఉయ్యాల. గుడి వీధిలో మా అద్దాల బీరువా నిండా ఇవే. నేను బడికి పోలేదు. అక్షరాలూ, తూకమూ, కుంపటి పనీ అన్నీ ఇంట్లోనే మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయాక కొట్టు నా చేతికి వచ్చింది. ఇన్నేళ్ళుగా నా కంచంలోకి అన్నం దీనివల్లే వస్తోంది. అది నాన్న చలవ, స్వామి దయ.

పనిలో మేం వాడే మాటలు కొన్ని ఇంగ్లీషువే. టచ్ అంటే వెండి ఎంత శుద్ధమో చెప్పే లెక్క. షీట్ అంటే పల్చటి రేకు. డై అంటే అచ్చు. కంచుతో పోసిన డై మీద షీట్ పరిచి, పైన సీసం ముద్ద ఆనించి సుత్తితో కొడితే కనురెప్పలూ కనుపాపా రేకు మీద తేలతాయి. మా నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటుంది. మొక్కుకున్నవాళ్ళు తెచ్చిన వెండితోనే వాళ్ళ బొమ్మ చేయాలి, అందులో ఇంకొకరి వెండి చిటికెడు కూడా కలవకూడదు. అందుకే మేం అందరి వెండీ ఒకే మూసలో పోసి కరిగించం. ఎవరిది వాళ్ళకే విడిగా సాగదీసి చేస్తాం. ఆలస్యమవుతుంది. కానీ తమ వెండే స్వామి దగ్గరకు పోయిందన్న నిమ్మళం మనుషులకు ఉంటుంది.

రాఘవయ్య గారు పొగాకు ఎగుమతి కంపెనీలో ఆకు గ్రేడింగ్ చేయించే సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో రష్యా వాళ్ళు మన పొగాకు కొనడానికి గుంటూరు వచ్చేవారు. వాళ్ళ వెంట బేళ్ళ మధ్య తిరిగి తిరిగి ఆయనకు వాళ్ళ పాత వెండి నాణేల మీద మనసు పడింది. జారు చక్రవర్తుల కాలం నాటి రూబుళ్ళు, అర రూబుళ్ళు, ఇంకా చిన్నవైన కోపెక్కులు. అందులోనూ పంతొమ్మిదో శతాబ్దానివి మాత్రమే. అదేం పట్టుదలని అడిగితే, అంతకుముందువి తనకు అందవని, ఆ తర్వాతవి అందరికీ అందుతాయని నవ్వేవారు.

నా కొట్టుకు మొదటిసారి వచ్చింది 1997లో. మొక్కు కోసం ఎవరైనా తెచ్చిన పాత వెండిలో అలాంటి నాణెం కనబడితే, దాన్ని కొట్టే ముందు తనకు కబురు పెట్టమని అడిగారు. అది అప్పటికే పసుపు గుడ్డలో ముడుపు కట్టినది కాకపోతే, ఇచ్చేవాళ్ళకు ఇష్టమైతే, అంతకు అంత వెండి, పైన ఇంకొంత కలిపి ఇస్తానన్నారు. నిజానికి నేను నవ్వుకున్నాను. పెదకాకాని మొక్కుబళ్ళలోకి రష్యా రాజుల నాణేలు ఎక్కడ నుంచి వస్తాయి? కానీ వచ్చాయి. ఆ రోజుల్లో మన పిల్లలు డాక్టరు చదువుకని రష్యా పోయి వస్తుండేవారు. అలా వెళ్ళొచ్చిన ఒకబ్బాయి తల్లి, తనకు పాదం వాపు తగ్గిందని పాదాలు చేయించడానికి ఒక రూబులు తెచ్చింది. మరోసారి ఒంగోలు వైపు నుంచి వచ్చినావిడ చిన్నప్పటి నుంచీ తన మెడలో ఉన్న దారం నుంచి ఒక అర రూబులు తీసి ఇచ్చింది. దానికెవరో కొక్కెం అతికించి ఉంచారు. కొక్కెం పెట్టినదాన్ని నాణేలు పోగుచేసేవాళ్ళు ముట్టరని తర్వాత తెలిసింది. రాఘవయ్య గారు మాత్రం దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. ఒక బిడ్డ మెడలో తిరిగి పెద్దదైన నాణెమని, అంతకన్నా ఏం కావాలని అన్నారు.

వచ్చినప్పుడల్లా నాకు చూడటం నేర్పేవారు. నేను వెండిని తూకంగానే చూసినదాన్ని. ఆయన భూతద్దం ఇచ్చి, గద్ద రెక్కలో ఈకలెన్నో చూడమనేవారు. రెండు తలల గద్ద వాళ్ళ రాజముద్ర. ఆ శతాబ్దంలో ఎక్కువ కాలం రూబులు మీద రాజు ముఖమే ఉండదు, గద్దే ఉంటుంది. నాణెం అంచు చుట్టూ అక్షరాలు చెక్కి ఉంటాయి. దాన్ని ఎడ్జ్ లెటరింగ్ అంటారు. అందులో వెండి ఎంత శుద్ధమో, ఎంత బరువో వాళ్ళ కొలతల్లో రాసి ఉంటుందని ఆయన చదివి చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. మేం గీటురాయి మీద గీసి తెలుసుకునే టచ్‌ని వాళ్ళు నాణేనికే రాసి జనం చేతుల్లో పెట్టారు. ఎంత నిజాయితీ అనుకున్నాను. తిరగేసినట్టుండే ఆ అక్షరాలు కొన్ని నాకూ పట్టుబడ్డాయి. ఈ వయసులో ఇంకో భాష అక్షరాలు నేర్పించిన మనిషికి నేను రుణపడి ఉన్నాను.

ఆయనకు కోపం వచ్చేది ఒక్క విషయంలోనే. మన ఇళ్ళలో వెండి అనగానే చింతపండు పెట్టి తోమేస్తాం. నాణేలకు అది చావే అనేవారు. ఏళ్ళ తరబడి గాలి తగిలి వెండి మీద పట్టే రంగును టోనింగ్ అంటారు. అది మురికి కాదు, దాని వయసు. కడిగితే పోతుంది, మళ్ళీ రాదు. "కడిగినదాన్ని కడగనిదిగా చెయ్యలేం అమ్మాయ్" అనేవారు.

ఆయన దగ్గర ఉన్నవాటిలో అసలు కడగనిది ఒక్కటే. నికొలస్ అనే జారు కాలం నాటి రూబులు. పొగాకు కొనడానికి వచ్చిన బృందంలోని ఒక ముసలి దుబాసీ, తిరిగి వెళ్ళే రోజు దాన్ని ఆయన చేతిలో పెట్టాడట. తన అమ్మమ్మ దాచుకున్నదట. నాకు చూపించడానికి ఒకసారి జేబు రుమాలులో చుట్టుకుని తెచ్చారు. మొదట చూస్తే నల్లగా ఉంది. వెలుగులోకి తిప్పితే ఆ నలుపులో నీలం, అంచుల్లో ఊదా, వంకాయ తొక్క మీద ఎండ పడినట్టు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన పసిపిల్లవాడిలా సంబరపడ్డారు.

ఆయన భార్య పేరు సామ్రాజ్యం గారు. నేను పిన్నిగారు అంటాను, ఆయన్ని బాబాయ్ గారు అంటాను. చుట్టరికం కాదు, పిలుపు అలా స్థిరపడింది. ఆవిడకు ఈ నాణేల గొడవ పట్టేది కాదు. ఇంట్లో ఒక సామ్రాజ్యం ఉండగా ఇంకో సామ్రాజ్యం చిల్లర ఎందుకయ్యా అని వియ్యంకుడు ఏడిపిస్తే, ఈ సామ్రాజ్యం చిల్లర కూడా ఇవ్వదు అన్నారట బాబాయ్ గారు. ఆ మాట ఆవిడే నాకు చెప్పి నవ్వింది.

ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు పిన్నిగారు ఒక్కతే నా కొట్టుకు వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. చూపు వచ్చిందని చెప్పింది. ఇంకా మసకగానే ఉందట, వెలుగు పడకుండా నల్లద్దాలు పెట్టారట, కానీ వాకిట్లోకి వచ్చిన మనిషెవరో పోల్చుకుంటున్నారట. ఇద్దరం గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాం. అప్పుడు ఆవిడ చేతి సంచిలోంచి పసుపు గుడ్డ మూట తీసింది. ఆస్పత్రికి బయల్దేరిన పొద్దున కట్టిన ముడుపు అది. ఆయన కన్ను నిలిస్తే ఇందులోని వెండితోనే కళ్ళు చేయించి స్వామికి ఇస్తానని మొక్కుకుందట.

ముడుపు విప్పడానికి మాకొక పద్ధతుంది. దీపం వెలిగించి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, మొక్కినవాళ్ళ ఎదుటే విప్పాలి. అలాగే విప్పాను. ఇత్తడి పళ్ళెంలోకి జారింది ఆ నల్ల రూబులు.

పళ్ళేన్ని దీపానికి దగ్గరగా జరిపి చూశాను, అదే. తర్వాత ఈ సంగతి బాబాయ్ గారికి తెలుసా అని అడిగాను.

"తెలీదు. నువ్వూ చెప్పమాక సుభద్రా. నాణేల పెట్టె బరువు, ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఇప్పట్లో తియ్యడు."

"పెట్టెలో అన్ని ఉండగా దీన్నే ఎందుకు తీశారు పిన్నిగారూ?"

"తెల్లగా మెరిసేవి ఆయన ప్రాణం గదా, వాటి జోలికి పోలేకపోయా. ఇదొక్కటే మసిబట్టి ఉంది. ఇన్నేళ్ళు ఉంచుకున్నాడేగానీ ఒక్కసారి తోమిన పాపాన పోలేదు. దీనిమీద అంత ఇది లేదులే అనుకున్నా."

తన కుంకుమ భరిణె కూడా వెండిదే, దాన్ని కడదామనే ముందు అనుకుందట. కానీ కన్ను ఆయనది, ఆయన ఇష్టంగా చూసుకునేదాంట్లోంచే ఇస్తే బాగుంటుందనిపించిందట. తీరా పెట్టె తెరిచాక చెయ్యి రాక, ఆయనకు నొప్పి తగలనిదేదో వెతికి తీసిందట. ఈ సంగతంతా ఆవిడ ఎంత నమ్మకంగా, ఎంత ప్రేమగా చెప్పిందంటే, నిజం చెప్పకుండా ఉండిపోదామా అనిపించింది. అయినా చెప్పాను. అది మసి కాదని, అన్నిటికన్నా ఆయనకు అదే ఎక్కువని. ఆవిడ అరుగు మీద కూలబడింది. మా నాగేంద్రమ్మ గంప పక్కకు జరిపి ఆవిడకు మంచినీళ్ళు ఇచ్చింది.

"ఇప్పుడెట్లా? ఇవ్వకపోతే స్వామికి కోపం. ఇస్తే ఈయనకు. కన్ను మళ్ళీ పోతే నేనే పోగొట్టినదాన్నవుతా గదా."

చదువుకున్నవాళ్ళు ఈ భయానికి నవ్వచ్చు. నేను నవ్వలేను. ముడుపు కట్టాక ఆ వెండి స్వామిదని నేనూ నమ్ముతాను. కానీ ఆ నాణెం మీద సుత్తి ఎత్తడం ఎలాగో కూడా నాకు తోచలేదు. ఇద్దరం పూజారి గారి దగ్గరకు వెళ్ళాం. ఆయన విసుక్కోకుండా అంతా విన్నారు. కట్టిన వస్తువును అట్టేపెట్టుకుని అంతే బరువు వేరే వెండి సమర్పించే ఆచారం ఉందనీ, అందులో తప్పేమీ లేదనీ చెప్పారు. మాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఇంకో మాట కూడా అన్నారు.

"ఏది చేసినా ఆ వస్తువు ఎవరిదో వాళ్ళ మనసు కలవాలమ్మా. వాళ్ళకు తెలీకుండా కడితే అది ముడుపు కాదు, మూట."

అదే రోజు ఆటో మాట్లాడుకుని నల్లపాడు వెళ్ళాం. దారంతా పిన్నిగారు మూటను గుప్పిట్లోంచి వదల్లేదు. బాబాయ్ గారు వరండాలో పడక్కుర్చీలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మా ఇద్దరినీ చూసి, గుడి వీధి అంతా తన కోసమే తరలి వచ్చిందేమిటని హాస్యమాడారు. నేను ఏమీ చెప్పకుండా నాణేన్ని ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకోలేదు. బొటనవేలి గోరుతో అంచు వెంట మెల్లగా గీసుకుంటూ పోయారు. అక్షరాల మీద గోరు ఆగి ఆగి కదిలింది. సగం చుట్టు తిరిగేసరికి ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ఇది నీ దగ్గరికెట్లా వచ్చింది అమ్మాయ్?"

నేను నోరు తెరిచే లోపే పిన్నిగారు తనే తీశానని చెప్పేసింది. ముడుపు కట్టిన సంగతీ, మొక్కిన సంగతీ, నల్లగా ఉందని ఏరి తీసిన సంగతీ ఒక్క గుక్కలో చెప్పింది. చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. తర్వాత బాబాయ్ గారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు.

"స్వామికి మసిబట్టింది అంటగడదామనుకున్నావన్నమాట."

"కదలమాకండి, కన్ను అదురుద్ది" అని పిన్నిగారు గదమాయించింది.

"ఇన్నేళ్ళు కాపరం చేసి, ఏది ఎందుకు ఇష్టమో నీకు ఒక్క ముక్క చెప్పలేదు గదే నేను. ఊరందరికీ చెప్పా. నీ తప్పేముంది?"

పూజారి గారి మాట నేను ఆయనకు చెప్పాను. బరువుకు బరువు వెండి నేనే ఇస్తానని, అక్షరాలు నేర్పినందుకు అదొక చిన్న దక్షిణ అనుకోమని వేడుకున్నాను. పిన్నిగారు లోపలికి పోయి కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. ఆయన ఇద్దరి మాటా విని, నల్లద్దాలు తీయడానికి డాక్టరు ఒప్పుకునే దాకా ఆగమన్నారు. అంతవరకు నాణెం నా కొట్టులోనే, దీపం ముందే ఉండనివ్వమన్నారు. స్వామి సొమ్ము తన ఇంట్లో పెట్టుకోవడం భావ్యం కాదన్నారు.

ఆ రోజుల్లో నేను స్వామిని ఒకటే కోరుకున్నాను. బాబాయ్ గారి నోట మార్పిడి అన్న మాట రావాలని. రోజూ దీపం పెట్టి, ఆ నలుపులోని నీలాన్ని ఒకసారి చూసి పని మొదలుపెట్టేదాన్ని. నాగేంద్రమ్మ కూడా తొంగి చూసేది. కాకి ఈకలా ఉందని ఒకరోజు, కాదు నెమలి మెడలా ఉందని ఇంకోరోజు అనేది.

వాళ్ళిద్దరూ ఒక పొద్దున ఆటోలో వచ్చారు. బాబాయ్ గారి కంటికి నల్లద్దాలు లేవు. అరుగు మీద ఎండ పడేచోట కూర్చుని చెయ్యి చాపారు. నాణెం ఇచ్చాను, భూతద్దం ఇచ్చాను. ఆయన చూశారు. మనిషి అలా చూడటం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. తప్పిపోయి దొరికిన బిడ్డను తడిమి తడిమి చూసుకున్నట్టు చూశారు. ఒక వైపు, రెండో వైపు, అంచు. మధ్యలో కంటి వెంట నీళ్ళు కారితే తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత భూతద్దం పిన్నిగారికి ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, ఇన్నేళ్ళూ చెప్పని పాఠం చెప్పారు. నాణెం రెండో వైపున్న దండలో ఆకులు ఎలా పరిచాడో చూడు, కిరీటం చూడు, ఈ ఈక చూడు. కింద ఉన్న చిన్న అక్షరాలు టంకశాల అధికారివి. చెక్కినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

"వాడెవడో గానీ, ఈ ఈక కోసం ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టాడో. ఎవడూ చూడడని తెలిసి కూడా చెక్కాడు చూడు."

పిన్నిగారు చాలాసేపు భూతద్దంలోంచి తల ఎత్తలేదు. ఎత్తాక, మారుస్తాం సుభద్రా అంది. బరువుకు బరువు ఇవ్వచ్చని పూజారి గారే అన్నారు గదా, తన భరిణె తీసుకోమంది. నేను సంతోషంగా తక్కెడ అందుకోబోయాను. బాబాయ్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మార్చచ్చు. కాదన్ను. కానీ అమ్మాయ్, నా దగ్గరికొచ్చిన ప్రతి నాణెం ఎవరో ఒకరు వదిలితేనే వచ్చింది. మెడలోది తీసిచ్చిన తల్లి ఉంది. అమ్మమ్మ దాచుకుంది నా చేతిలో పెట్టిన ముసలాయన ఉన్నాడు. అందరూ నాకోసం వదిలినవాళ్ళే. నేనొక్కణ్ణీ ఏదీ వదలకుండా పోతే ఏం బాగుంటుంది?"

పిన్నిగారు ఏదో అనబోయింది. ఆయన ఆవిడ వైపు తిరిగారు.

"నువ్వు భయపడి కట్టావు, నాకోసం కట్టావు. కన్ను వచ్చాక దాన్ని వెనక్కి తీసుకుంటే, పెట్టె తెరిచినప్పుడల్లా ఏ మొహంతో చూసుకోను? చూశాను గదా. తనివితీరా చూశాను. ఇద్దరం చూశాం. చెయ్యి అమ్మాయ్."

నేను స్వామికి మొక్కి పని మొదలుపెట్టాను. వాళ్ళు వెళ్ళిపోతారేమో అనుకున్నాను, వెళ్ళలేదు. నాణేన్ని సాగదీయడానికి మొదట ఎనీలింగ్ చేయాలి. అంటే కుంపట్లో ఎర్రబడేదాకా కాల్చి మెత్తబరచడం. నిప్పుల మీద పెట్టగానే ఆ నీలం, ఆ ఊదా ఒక్కసారి మెరిసి మాయమయ్యాయి. కాలిన వెండికి నల్లటి పొర వస్తుంది, అది పోవడానికి చింతపండు పులుసులో వేసి మరిగించాలి. వేరే దారి లేదు. గిన్నె ముందు నేను ఆగిపోవడం బాబాయ్ గారు చూశారు.

"వెయ్యమ్మా. దానికీ ఒక స్నానం రాసిపెట్టి ఉంది" అన్నారు. అని, ముఖం మాత్రం వీధి వైపు తిప్పుకున్నారు.

ఆ తర్వాత రోలింగ్ మెషిన్. చెరుకు రసం తీసే మరలో ఉన్నట్టు రెండు ఉక్కు రోలర్లు ఉంటాయి, చేత్తో తిప్పాలి. ఒకసారి తిప్పితే అంచు మీది అక్షరాలు అణిగిపోయాయి. మళ్ళీ కాల్చి, మళ్ళీ తిప్పితే దండలోని ఆకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. గద్ద అంత త్వరగా పోలేదు. సాగింది, సన్నబడింది, మెడలు పొడుగయ్యాయి. ఆయన చెయ్యి చాపితే ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, గద్ద పోయి కొంగ వచ్చిందని పిన్నిగారికి చూపించారు. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. మూడోసారి రేకును ఇనుప దిమ్మె మీద పెట్టి సుత్తితో చదును చేశాను. ప్రతి దెబ్బకూ ఒక ఈక పోయింది. నా పని ఇది. కొన్ని వేలసార్లు చేసి ఉంటాను. ఆ రోజు మాత్రం ప్రతి దెబ్బకూ ముందు, ఇంకో పనివాడి చేతి మీద కొడుతున్నట్టు మనసులోనే క్షమించమని అడిగాను.

రేకు చల్లారాక కళ్ళ డై మీద పరిచి కొట్టాను. రెప్పలు తేలాయి, కనుపాపలు తేలాయి. తెల్లటి, కొత్త వెండి కళ్ళు. అంచులు కత్తిరించిన ముక్కల్ని, రజనుతో సహా, అదే పసుపు గుడ్డలో కట్టి ఇచ్చాను. కూలి తీసుకోలేదు. ముగ్గురం కలిసి గుడికి వెళ్ళాం. పిన్నిగారు హుండీలో కళ్ళూ, ఆ పసుపు మూటా వేస్తుంటే బాబాయ్ గారు తన చేతిని ఆవిడ చేతి కింద పెట్టారు.

ఆయన కన్ను నిలిచింది. ఆ తర్వాత కొన్నేళ్ళు పేపరు చదువుకున్నారు, నా కొట్టుకు వచ్చారు, కొత్త నాణేలు రెండు మూడు సంపాదించారు. 2008లో నిద్రలోనే వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ పెట్టె పిన్నిగారి చేతిలో ఉంది. చూడటానికి ఎవరైనా వస్తే ఆవిడే ఒక్కొక్కటీ తీసి, అంచు పట్టుకుని మాత్రమే తీసి, ఏ జారుదో, ఏ టంకశాలదో చెబుతుంది. తోమమంటారా అని అడిగిన పనిమనిషికి ఆవిడ పెట్టిన చీవాట్లు నేను నా చెవులతో విన్నాను. అప్పుడు నాకు బాబాయ్ గారే వచ్చి కూర్చున్నట్టనిపించింది.

ఈ సంగతి నాకు నేర్పినవి రెండు. ఒకటి పనికి సంబంధించింది. అప్పటి నుంచి ఎవరు ముడుపు తెచ్చినా, ఈ వస్తువు ఎవరిది, వాళ్ళకు తెలుసా అని అడిగాకే ముడి విప్పుతున్నాను. కొందరు నొచ్చుకుంటారు. ఇంటికి పోయి అడిగొచ్చి, మంచిపని చెప్పావమ్మా అన్నవాళ్ళే ఎక్కువ. రెండోది నా బతుక్కి సంబంధించింది. దాచుకోవడమంటే పిడికిలి బిగించడమనుకునేదాన్ని. చేతిలో ఉన్నంతసేపు కళ్ళారా చూసుకోవడమని, అడిగిన రోజున చెయ్యి తెరవడమని బాబాయ్ గారిని చూసి తెలుసుకున్నాను. అంత గొప్ప మనుషుల మధ్య నన్ను ఈ వీధిలో కూర్చోబెట్టినందుకు స్వామికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

బాబాయ్ గారిని తలచుకోవడానికి పిన్నిగారు ఉంది, నేనున్నాను, నల్లపాడు ఉంది. మిమ్మల్ని నేను అడిగేది ఇంకొకరి గురించి. ఎక్కడో రష్యాలో, పీటర్స్‌బర్గు టంకశాలలో, దీపం వెలుగులో, ఒక గద్ద రెక్కకు ఈకలు చెక్కిన మనిషి. ఆయన పేరు నాకు తెలియదు, ఏ దేవుణ్ణి కొలిచాడో తెలియదు. ఆ ఒక్క నాణెం మీద ఆయన చేతి పనిని చివరగా చూసింది మేం ముగ్గురం, చెరిపింది నేను. మీరు ఈ రాత చదివాక ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఆ పనివాణ్ణి తలచుకోండి.